'రౌండు' దగ్గర మొదలుపెడదాం: పిల్లలకు ఘనాకారాలు నేర్పడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఇరవై ఏళ్లు దాటింది. తల్లిదండ్రుల సమావేశంలోనూ, టీచర్ల శిక్షణలోనూ, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లోనూ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొన్నింటికి మాత్రం వంటింట్లోకి వెళ్లాలి, చాకు తీసుకోవాలి, ఓ బంగాళాదుంపను పాడుచేయాలి.

మా పాపకు నాలుగేళ్లు. సమఘనం (క్యూబ్), గోళం (బంతి ఆకారం), స్థూపం (డబ్బా ఆకారం) అనే పేర్లు ఇప్పుడే నేర్పాలా?

పేర్లకు తొందరేం లేదు. ముందు వస్తువు చేతిలోకి రావాలి. అగ్గిపెట్టె, నిమ్మకాయ, పసుపు డబ్బా, సబ్బు, అప్పడాల కర్ర, బఠాణీలు కట్టిచ్చిన కాగితం పొట్లం, ఇలా ఓ పది వస్తువులు నేలమీద పెట్టండి. పీటను ఒకవైపు ఎత్తి ఏటవాలుగా ఆనించండి. "ఏది దొర్లుతుంది? ఏది జారుతుంది?" అని అడగండి. వదలకముందే చెప్పించండి, ఆ తర్వాత వదలమనండి. అసలు పాఠమంతా ఆ ముందు చెప్పించడంలోనే ఉంది.

నిమ్మకాయ ఎలా పెట్టినా దొర్లుతుంది. సబ్బు ఎలా పెట్టినా జారుతుంది, లేదంటే ఉన్నచోటే కూర్చుంటుంది. డబ్బా దగ్గరికొచ్చేసరికి పిల్లలు ఆగుతారు. పడుకోబెడితే దొర్లింది, నిలబెడితే జారింది. ఇక పొట్లం తిన్నగా కిందికి రానే రాదు, మొన చుట్టూ తిరిగి పక్కకు పోతుంది. "అది ఎందుకు వంకరగా పోయింది?" అని పాప అడిగిందంటే ఆ రోజుకి మీ పని అయిపోయినట్టే. చదునైన ముఖం ఏదో, వంపు తిరిగిన తలం ఏదో ఆ మాటలు వాడకుండానే తెలిసిపోయింది.

మావాడు బంతినీ, చపాతీనీ, గాజునీ, పైపునీ అన్నింటినీ 'రౌండు' అనేస్తాడు. ఎలా మాన్పించాలి?

మాన్పించకండి. మనమూ ఇంట్లో అదే అంటాం. ఆ మాటకు ఒక ప్రశ్న జోడించండి చాలు: "ఏ పక్క నుంచి చూస్తే రౌండు?"

కరెంటు పోయిన రాత్రి ఈ పాఠానికి బాగా పనికొస్తుంది. సెల్‌ఫోన్ టార్చి వేసి గోడమీద నీడలు చూపించండి. బంతిని ఎలా తిప్పినా నీడ వృత్తమే. పసుపు డబ్బా నీడ ఒకసారి వృత్తం, పక్కకు తిప్పితే దీర్ఘచతురస్రం. పొట్లం నీడ ఒక పక్క నుంచి వృత్తం, మరో పక్క నుంచి త్రిభుజం. అంటే బంతి అన్ని వైపులా రౌండు, డబ్బా పైనుంచీ కిందనుంచీ మాత్రమే రౌండు. ఈ తేడా నోటితో చెప్పగలిగిన పిల్లాడికి గోళం, స్థూపం, శంకువు అనే పేర్లు ఇవ్వడం ఐదు నిమిషాల పని.

కొంచెం పెద్ద పిల్లలకైతే నేనొక పొడుపుకథ వేస్తాను. "ఒక పక్క నుంచి చూస్తే వృత్తం, ఇంకో పక్క నుంచి దీర్ఘచతురస్రం, మూడో పక్క నుంచి త్రిభుజం. రోజూ పొద్దున్నే పట్టుకుంటారు. ఏంటది?" జవాబు, వాడని కొత్త టూత్‌పేస్ట్ ట్యూబు. మూత వైపు నుంచి వృత్తం. వెడల్పు వైపు నుంచి దాదాపు దీర్ఘచతురస్రం. సన్నవైపు నుంచి చూస్తే మూత దగ్గర లావుగా ఉండి, నొక్కేసిన చివర గీతలా ముగిసే త్రిభుజం. మర్నాడు బళ్లోకి ఐదారు ట్యూబులు వస్తాయి, కొన్ని సగం వాడినవి.

రూపాయి నాణెం గురించి కూడా ఒక మాట. అది వృత్తం కాదు, పొట్టి స్థూపం. నమ్మకపోతే పది నాణేలు ఒకదానిమీద ఒకటి పేర్చి చూపించండి.

'స్థూపం' అంటే మా అమ్మాయి అమరావతి స్తూపం అనుకుంటోంది. ఏం చెప్పాలి?

చెవికి రెండూ ఒకటే మరి. లెక్కల పుస్తకంలోది స్థూపం, థ వత్తు. బౌద్ధుల కట్టడం స్తూపం, త వత్తు. ఈ గందరగోళాన్ని పాఠంగా వాడుకోవచ్చు. సాంచి స్తూపం ఫొటో చూపించి ఏయే ఆకారాలు కనిపిస్తున్నాయో అడగండి. కింద పొట్టిగా గుండ్రటి వేదిక, అది స్థూపమే. దానిమీద బోర్లించిన గిన్నెలాంటి అండం, అది అర్ధగోళం. స్తూపంలో స్థూపం కొంతే ఉందన్నమాట. అమరావతిలో పై గుమ్మటం ఇప్పుడు లేదు, కింది భాగమే మిగిలింది కాబట్టి ఫొటోకు సాంచే నయం.

శంకువుకూ ఇలాంటి చిక్కే ఉంది. కొన్ని పుస్తకాల్లో ఖ వత్తుతో 'శంఖువు' అని ఉంటుంది. పిల్లలు వెంటనే శంఖం దగ్గరికి పోతారు. శంఖం మెలి తిరిగి ఉంటుంది, శంకువుకు మెలికలుండవు. శంకువు అంటే సంస్కృతంలో మేకు. ఇల్లు కట్టేముందు చేసే శంకుస్థాపనలో ఉన్నది ఆ మాటే. మేకు మొన గుర్తుంటే ఆకారం గుర్తుంటుంది.

కొనుక్కొచ్చిన కిట్‌లో పలకలాంటి బిళ్లమీద 'త్రిభుజం' అని ఉంది. అది సరైనదేనా?

కాదు. చేత్తో పట్టుకోగలిగింది ఏదీ త్రిభుజం కాదు. మందం ఉన్న ఆ బిళ్ల త్రిభుజాకార పట్టకం (ప్రిజం). దాని పైముఖం మాత్రం త్రిభుజం. మా బడికి వచ్చిన కిట్‌లోనూ ఇదే తంతు. పారేయలేం కాబట్టి బిళ్లను కాగితంమీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పించాను. కాగితంమీద మిగిలిన గీత త్రిభుజం, చేతిలో మిగిలింది పట్టకం. ఆ తర్వాత బిళ్లమీదున్న అక్షరాలను పిల్లలే దిద్దారు.

పుస్తకంలో బొమ్మలున్నాయిగా, వస్తువులు ఎందుకు?

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సమఘనం బొమ్మ ఇచ్చి ముఖాలు, అంచులు, శీర్షాలు (అంటే మూలలు) ఎన్నో రాయమన్నాను. ఒక పిల్లాడు 3, 9, 7 అని రాశాడు. ఎర్ర సిరాతో మూడూ కొట్టేసి 6, 12, 8 అని రాసిచ్చాను. వాడేం మాట్లాడలేదు.

చాలా రోజులకు అదే బొమ్మను మళ్లీ చూస్తుంటే తట్టింది. ఒక మూల నుంచి గీసిన సమఘనంలో కనిపించేవి సరిగ్గా 3 ముఖాలు, 9 అంచులు, 7 మూలలు. పిల్లాడు లెక్క తప్పలేదు, ఉన్నదున్నట్టు లెక్కపెట్టాడు. వెనక దాక్కున్న మూలనూ, దాని దగ్గర కలిసే మూడు అంచులనూ చూడమని వాడికి ఎవరూ చెప్పలేదు, వాడి చేతిలో పెట్టె లేదు. బొమ్మ అనేది ఘనం గురించి కాగితం చెప్పే సగం కబురు. ఘనాలను బోలెడుసార్లు తిప్పి చూసిన చేతికే మిగతా సగం తెలుస్తుంది. అందుకే మొదట వస్తువు, తర్వాత బొమ్మ. ఈ వరుస తిరగబడితే పిల్లలు బట్టీపట్టడం మొదలుపెడతారు.

ఏ వయసుకి ఏం రావాలి?

వయసు కంటే అనుభవం లెక్క. నెదర్లాండ్స్‌లో బడిపంతుళ్లుగా పనిచేసిన వాన్ హీలే దంపతులు, పియెర్, దీనా, 1957లో సమర్పించిన తమ సిద్ధాంత వ్యాసాల్లో జ్యామితి ఆలోచన మెట్లుమెట్లుగా ఎదుగుతుందని చెప్పారు. మొదటి మెట్టుమీది పిల్లాడు "ఇది పెట్టెలా ఉంది" అంటాడు. రెండో మెట్టుమీద "దీనికి 6 ముఖాలున్నాయి, అన్నీ చతురస్రాలే" అంటాడు. మూడో మెట్టుమీద "అయితే సమఘనం కూడా ఒక దీర్ఘఘనమే (దీర్ఘచతురస్ర ముఖాల పెట్టె) కదా" అంటాడు. మెట్టు దాటించేది వయసు కాదు, పాఠం.

అదే పరిశోధనలో నాకు బాగా పనికొచ్చిన మాట ఇంకోటుంది. టీచరు ఒక మెట్టుమీద, పిల్లాడు వేరే మెట్టుమీద ఉంటే, ఇద్దరూ ఒకే మాట వాడుతున్నా ఒకరిది ఒకరికి అర్థం కాదు. 'ఘనం' అన్నప్పుడు నా తలలో గుణాల జాబితా ఉంటుంది. వాడి తలలో లూడో పాచిక ఉంటుంది.

అంచులు లెక్కపెట్టేటప్పుడు ఒక్కోసారి 11, ఒక్కోసారి 13 వస్తున్నాయి.

బొట్టుబిళ్లలు తీసుకోండి. ఒక్కో మూలకు ఒక్కో బిళ్ల అంటించి, చివర్లో బిళ్లలు లెక్కపెట్టమనండి. అంచులకైతే సుద్దముక్కతో గీత. గీసిన అంచును మళ్లీ లెక్కపెట్టరు.

ఇది లెక్కపెట్టడం వరకు. దీని తర్వాత అసలు లెక్క చేయకుండా చెప్పించాలి. "పైన 4, కింద 4, నిలువుగా 4, మొత్తం 12" అని ఒకరు అంటారు. ఇంకాస్త ఆగితే మరొకరు ఇలా అంటారు: "6 ముఖాలు, ముఖానికి 4 గీతలు, 24. కానీ ప్రతి అంచూ ఇద్దరిది టీచర్, కాబట్టి సగం." ఇద్దరిది అనే ఆ మాట వచ్చిన రోజు పండగే. అదే తర్కంతో పట్టకానికీ, పిరమిడ్‌కీ చెప్పమనండి.

ఆరు, ఏడు తరగతులకు వచ్చాక బంగాళాదుంపను సమఘనంగా కోసి తెస్తాను. ముఖాలు 6, శీర్షాలు 8, అంచులు 12. ఇప్పుడు ఒక మూలను చిన్నగా చెక్కేస్తే? చాకు పెట్టకముందే చెప్పాలి. ఎక్కువమంది "శీర్షం ఒకటి తగ్గుతుంది, 7" అంటారు. కోసి చూస్తే పోయిన ఒక మూల స్థానంలో మూడు కొత్త మూలలు మొలిచి 10 అవుతాయి. అంచులు 15, ముఖాలు 7. ఇంకో మూల కోయండి, మళ్లీ పట్టిక రాయండి. ముఖాలూ శీర్షాలూ కలిపి అంచులు తీసేస్తే ప్రతిసారీ 2 వస్తుంది. ఈ సంగతిని గణితజ్ఞుడు లియోన్‌హార్డ్ ఆయిలర్ 1750లో తోటి గణితజ్ఞుడు గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. పిల్లలకు పేరు తర్వాత చెప్పినా పరవాలేదు, దుంప నల్లబడకముందే పట్టిక పూర్తి కావాలి.

స్థూపానికి అంచులున్నాయా, లేవా? ఒక గైడులో 0, ఇంకో గైడులో 2 అని ఉంది.

మా స్టాఫ్‌రూంలో దీనిమీద ఒకసారి మధ్యాహ్న భోజనం మొత్తం గడిచిపోయింది. అంచు అంటే రెండు చదునైన ముఖాలు కలిసే సరళరేఖ అని నిర్వచిస్తే స్థూపానికి అంచులే లేవు. రెండు తలాలు కలిసే గీత ఏదైనా అంచే అనుకుంటే వంపు అంచులు 2 ఉన్నాయి. ముఖాలూ అంతే. చదునువి 2, వంపు తలాన్ని కూడా కలిపితే 3. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం ఇచ్చిన నిర్వచనం ప్రకారం రాయమనండి. కానీ ఇంట్లో "అంచు అంటే ఏమిటి?" అని అడగండి. నిర్వచనం మారితే జవాబు మారుతుందని పదేళ్ల పిల్లలు బాగానే అర్థం చేసుకుంటారు. ఒప్పుకోనిది పెద్దవాళ్లే.

ఆయిలర్ సూత్రం స్థూపానికి పనిచేస్తుందా అని అడిగే గడుసువాళ్లు ఉంటారు. ముఖాలు 3, అంచులు 2, శీర్షాలు 0 అనుకుంటే 1 వస్తుంది, 2 రాదు. అప్పుడు పాత రేకు డబ్బా చూపించండి. పక్కన పైనుంచి కిందికి అతుకు గీత ఉంటుంది. ఆ అతుకును కూడా అంచుగా లెక్కపెట్టండి, అది పైవృత్తాన్నీ కిందివృత్తాన్నీ తాకే రెండు చోట్లను శీర్షాలు అనుకోండి. ముఖాలు 3, శీర్షాలు 2, అంచులు 3. వచ్చింది 2!

పట్టకానికీ పిరమిడ్‌కీ తేడా ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతున్నారు.

జంతికల గొట్టం తీసుకెళ్లండి. నక్షత్రం బిళ్ల వేసి పిండి నొక్కితే బయటికొచ్చే తాడును ఎక్కడ తుంచినా అదే నక్షత్రం, అదే కొలత. పట్టకమంటే అదే. త్రిభుజం రంధ్రం ఉన్న బిళ్ల ఉంటే త్రిభుజాకార పట్టకం వస్తుంది, గుండ్రటి రంధ్రం ఉంటే కారప్పూసలాగా సన్నటి స్థూపం. స్థూపం పట్టకానికి చుట్టమని ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు బెండకాయ తీసుకుని తొడిమ వైపు నుంచి చక్రాల్లా కోసుకుంటూ రండి. ముక్కల ఆకారం దాదాపు ఒకటే, కొన దగ్గరికొచ్చేకొద్దీ చిన్నదవుతూ చివరికి చుక్కయిపోతుంది. ఇది పిరమిడ్ తీరు. ముక్కలను వరుసగా పేర్చి చూపించండి. పిల్లలు వాటిని రంగులో ముంచి కాగితంమీద అద్దుతామంటారు, అద్దనివ్వండి.

కోసేటప్పుడు చాకును ఏటవాలుగా పెడితే ఏమవుతుందో కూడా అడగండి. క్యారెట్‌ను అడ్డంగా కోస్తే వృత్తం, వాలుగా కోస్తే కోలగా సాగిన ఆకారం, దీర్ఘవృత్తం.

వల రూపాలు నేర్పడం ఎలా? కాగితంమీద గీసి మడతపెట్టిస్తే చాలా?

వల రూపం అంటే పెట్టెను విప్పి చదునుగా పరిస్తే వచ్చే బొమ్మ. కాబట్టి మడతపెట్టడంకంటే ముందు విప్పదీయడం. స్వీటు డబ్బా, టూత్‌పేస్టు పెట్టె, అగ్గిపెట్టె పైతొడుగు, ఏదైనా సరే అతుకులు జాగ్రత్తగా ఊడదీసి చదును చేయించండి. అంటించడానికి వదిలిన పట్టీలను చూసి పిల్లలు తికమకపడతారు, ముందే కత్తిరించేయండి.

తర్వాత సమఘనం. అట్టతో చేసిన సమఘనాన్ని ముక్కలు కాకుండా పరవాలంటే ఎన్ని అంచులు కత్తిరించాలి? 12లో 7. ఎందుకంటే 6 ముఖాలు ఒకదాన్నొకటి వదలకుండా ఉండాలంటే 5 అతుకులు మిగలాలి. ఎలా కత్తిరించినా ఇంతే, పిల్లలు వేరేవేరే చోట్ల కోసి ఒకే లెక్క రావడం చూసి ఆశ్చర్యపోతారు. కానీ పరిచాక వచ్చే బొమ్మలు వేరు. తిప్పితే, బోర్లిస్తే ఒకటైపోయేవాటిని ఒకటిగానే లెక్కేస్తే సమఘనానికి మొత్తం 11 వల రూపాలు. ఈ సంఖ్య ముందు చెప్పకండి. తరగతి గోడకు ఒక చార్టు అతికించి, కొత్తది దొరికినప్పుడల్లా అంటించమనండి. మా పిల్లలకు మూడు వారాలు పట్టింది. పదకొండోది (మూడేసి చతురస్రాల రెండు వరుసలు మెట్టులా జరిగి ఉండేది) దొరికిన అమ్మాయి ఆ రోజంతా నడవలేదు, ఎగిరింది.

ఆరు చతురస్రాలను అంచులు కలిపి పేర్చడానికి 35 తీర్లున్నాయి. మరి 24 ఎందుకు పనికిరాలేదు? ఇక్కడే తర్కం పని. నాలుగు చతురస్రాలు ఒక బిందువు దగ్గర చుట్టూ చేరితే అది వల రూపం కాదు. సమఘనం మూల దగ్గర కలిసేవి మూడు ముఖాలే, నాలుగోదానికి చోటు లేదు. ఒకే వరుసలో ఐదు ఉన్నా కాదు, ఐదోది మొదటిదానిమీదే పడుతుంది.

శంకువుకు వల రూపం గీయమంటే అందరూ త్రిభుజం గీస్తారు. చుట్టి చూస్తే కింద అంచు వంకరగా వస్తుంది. బఠాణీల పొట్లాన్ని విప్పి, అంచు సమానంగా కత్తిరించి చూపించండి. అది వృత్తంలోంచి కోసిన ముక్క. అర్ధవృత్తం చుడితే ఒకరకం శంకువు, పావు వృత్తం చుడితే ఇంకా సన్నగా, మొన తేలినది.

ఘనాకారాల బొమ్మలు గీయడం రావట్లేదు. ముఖ్యంగా అమ్మాయిలకు ఇది కష్టమంటారు, నిజమా?

రెండో మాట నా తరగతిలో ఎప్పుడూ నిలబడలేదు. వాకిట్లో ముగ్గేసే పిల్లల చేతిలో ఈ విద్య సగం ముందే ఉంది.

ముగ్గుల్లో సరి చుక్కలు, సందు చుక్కలు అని రెండు రకాలు కదా. ఇంజనీర్లు ఘనాలు గీయడానికి వాడే చుక్కల కాగితం మన సందు చుక్కలే. నోటుపుస్తకంలో "7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు" పెట్టండి. నడిమి వరుసలో 7, దాని సందుల్లో పైన 6, ఆపైన 5, ఆపైన 4, కిందా అంతే, మొత్తం 37. బయటి చుక్కలన్నీ కలుపుతూ గీత గీస్తే షడ్భుజం వస్తుంది. ఇప్పుడు పుస్తకాన్ని పక్కకు తిప్పండి, ఒక మూల నెత్తిమీదికి వస్తుంది. సరిగ్గా నడిమి చుక్క నుంచి కిందిమూలకు ఒక గీత, ఆ నడిమి చుక్క నుంచే, ఒక మూల విడిచి ఒక మూలకు మరో రెండు గీతలు. అంతే, సమఘనం లేచి కూర్చుంటుంది. చుక్కల మధ్య సందులు లెక్కపెడితే అంచుకు 3. లోపలి చుక్కల మీదుగా అంచులకు సమాంతరంగా గీతలు పూరిస్తే ముఖానికి 9 గదులు, రూబిక్స్ క్యూబ్ తయారు.

అదే షడ్భుజంలో నడిమి చుక్కను మిగతా మూడు మూలలకు కలిపి చూడమనండి. కొందరికి పెట్టె కిందనుంచి కనిపిస్తుంది, కొందరికి గది మూల కనిపిస్తుంది. రెండూ నిజమే, వాదించుకోనివ్వండి.

రూబిక్స్ క్యూబ్ మాట వచ్చింది కాబట్టి ఆ లెక్క కూడా చేయించండి. 3×3×3 సమఘనం బయటంతా రంగు వేసి 27 ముక్కలు చేస్తే మూడు ముఖాలకు రంగున్నవి 8, రెండింటికి 12, ఒక్కదానికి 6, అసలు రంగు అంటనిది లోపల 1. బట్టీపట్టక్కర్లేదు. మూలలు 8, అంచులు 12, ముఖాలు 6 అని తెలిసినవాళ్లకు జవాబు ముందే తెలుసు.

ఇక మనసులో వస్తువును తిప్పి చూడటం పుట్టుకతో రావాలంటారే, ఆ మాట వదిలేయండి. షెపర్డ్, మెట్జ్‌లర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో చూపించిందేమిటంటే, బొమ్మ ఎంత కోణం తిరిగి ఉంటే పోల్చుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది, చేత్తో తిప్పుతున్నట్టే. సాధన చేస్తే ఈ నేర్పు పెరుగుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

చూపు లేని పిల్లలకు ఈ పాఠం ఎలా చెప్పాలి?

గణితంలో వాళ్లు తరగతి మొత్తానికీ నేర్పగలిగే పాఠం ఇది. గుడ్డసంచిలో వస్తువులు వేసి, చూడకుండా తడిమి వర్ణించడం, మిగతావాళ్లు ఏదో చెప్పడం. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తయారుచేయించిన నీలిరంగు చెక్క ఘనాలను పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని తడిమి గుర్తుపట్టేవాళ్లు. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. సంచి ఆటలో ఒకటే నియమం పెడతాను: పేరు చెప్పకూడదు, వస్తువు పేరు కూడా. "మొన ఒకటి, కింద చదును, చుట్టూ నున్నగా" అనాలి.

శంకువు ఘనపరిమాణంలో ఆ 1/3 ఎక్కడినుంచి వచ్చింది? సగం ఎందుకు కాదు?

ఈ ప్రశ్న అడిగిన పిల్లాడికి శభాష్ చెప్పండి. పక్కనుంచి చూస్తే డబ్బా దీర్ఘచతురస్రం, అందులో శంకువు త్రిభుజం, సరిగ్గా సగం. కాబట్టి ఘనపరిమాణమూ సగమే అనుకోవడం సహజం. 499లో ఆర్యభటుడు ఆరు అంచుల ఘనానికి, అంటే త్రిభుజం అడుగున్న పిరమిడ్‌కి, అడుగు వైశాల్యాన్నీ ఎత్తునూ గుణించి సగం చేయమన్నాడు. ఆ సూత్రం తప్పు. 628లో బ్రహ్మగుప్తుడు మూడో వంతు అని సరిగ్గా చెప్పాడు. మీవాడు ఆర్యభటుడు తడబడిన చోటే తడబడ్డాడు.

చేసి చూపించడానికి ఒక రేకు డబ్బా, మందపాటి అట్ట కావాలి. అట్టను పొట్లంలా చుట్టి డబ్బాలో దించండి. మొన అడుగును తాకాలి, మూతి డబ్బా మూతికి సరిపోవాలి. పైకి వచ్చిన అట్టను డబ్బా అంచు వెంబడి కత్తిరించి, అతుకు గట్టిగా అంటించి బయటికి తీయండి. దాన్నిండా బియ్యం కొలిచి డబ్బాలో పోయండి. ఎన్నిసార్లు పోస్తే నిండుతుందో ముందే పందెం వేయించండి. రెండుసార్లు పోశాక చూస్తే డబ్బా ఇంకా వెలితిగానే ఉంటుంది. మూడోసారికి నిండుతుంది, కొన్ని గింజలు అటూ ఇటూ.

దీనితోపాటు నేను తప్పకుండా చేయించేది ఎ4 కాగితం పందెం. రెండు ఒకేలాంటి కాగితాలు. ఒకదాన్ని నిలువుగా చుడితే పొడుగు గొట్టం, ఇంకోదాన్ని అడ్డంగా చుడితే పొట్టి గొట్టం. దేంట్లో ఎక్కువ మరమరాలు పడతాయి? "కాగితం ఒకటే కదా, సమానం" అని తరగతి ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. పళ్లెంలో పొట్టి గొట్టం నిలబెట్టి, దాని లోపల పొడుగుది పెట్టి, పొడుగుదాన్ని నిండా మరమరాలతో నింపి మెల్లగా పైకి లాగేయండి. మరమరాలు పొట్టిదాంట్లో సర్దుకుంటాయి, ఇంకా చోటు మిగులుతుంది. కాగితం 21 సెం.మీ., 29.7 సెం.మీ. కాబట్టి పొడుగుదాంట్లో సుమారు 1,042 ఘన సెం.మీ., పొట్టిదాంట్లో సుమారు 1,474. వ్యాసార్థం రెండుసార్లు గుణించబడుతుంది, ఎత్తు ఒక్కసారే. మరమరాలు మిగలవు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

పేర్లు తెలుగులో నేర్పాలా, ఇంగ్లిష్‌లోనా?

రెండూ. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఎలాగూ ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉన్నాయి. క్యూబ్, కోన్ అని పిల్లలకు ముందే తెలుసు. అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలకైతే జంతికల గొట్టం తెలుసు, పట్టకం తెలియదు. వర్ణించేటప్పుడు నోటికొచ్చిన భాషలో వర్ణించనివ్వండి.

మొబైల్ యాప్‌లు వాడొచ్చా?

వాడొచ్చు, చేతులు పని చేశాక. జియోజిబ్రా అనే లెక్కల యాప్ ఉచితం, అందులో ఘనాన్ని వేలితో తిప్పొచ్చు, వల రూపం తెరుచుకోవడం చూడొచ్చు. కానీ తెరమీద తిరిగేది కూడా చదునైన బొమ్మే, బరువుండదు, దొర్లదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పదునైన లెక్క ఏదైనా ఇవ్వగలరా?

10 సెం.మీ. అంచున్న అట్ట సమఘనం. ఒక మూల దగ్గర చీమ, దానికి పూర్తిగా ఎదురుగా ఉన్న మూల దగ్గర బెల్లం ముక్క. చీమ పెట్టెమీదే నడవాలి, ఎగరకూడదు, తొలవకూడదు. దగ్గరి దారి ఏది?

మొదటి జవాబు అంచుల వెంబడి, 30 సెం.మీ. రెండో జవాబు ఒక ముఖంమీద కర్ణంగా వెళ్లి, మిగతాది అంచు వెంబడి, 24.1. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అప్పుడు పక్కపక్కనున్న రెండు ముఖాలను విప్పి చదునుగా పరవమనండి. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. దాని మూల నుంచి మూలకు తిన్నగా గీత గీసి కొలిస్తే 22.4. మళ్లీ మడతపెట్టి చూస్తే ఆ గీత మధ్య అంచును సరిగ్గా సగం దగ్గర దాటుతుంది. మూలల దగ్గర దారం పట్టుకుని బిగించి లాగినా అదే చోట నిలుస్తుంది.

ఇది తేల్చినవాళ్లకు అగ్గిపెట్టె ఇవ్వండి. దాని మూడు కొలతలూ వేర్వేరు కాబట్టి విప్పే తీరును బట్టి గీత పొడవు మూడు రకాలుగా వస్తుంది. ఏది చిన్నదో, ఎందుకో చెప్పాలి.